యుద్ధము వలదన్న దేవత



నేటి నా ప్రసంగమునకు విషయము యుద్ధదేవత. వక్త బొబ్బిలివాడని విన్నంతనే మీలో పెద్దలు చిరునవ్వు నవ్వుకొని, "బొబ్బిలివాడు కత్తినిగూర్చి గాక మరి దేనినిగూర్చి మాటలాడును?" అని యనుకొందురేమో. అట్లనుకొన్నను నాకు కోపము లేదు. నేను ముప్పది యేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్న ఉపాధ్యాయుడను. మా ఊరి పేరు చెప్పగానే పిల్లలు గుప్పిళ్ళు బిగించుట చూచుచునే నా ఉద్యోగము గడచినది. కాని నేడు నేను మీకు జ్ఞాపకము చేయబోవు దేవత మా ఊరి దేవత కాదు. మా ఊరిని గాల్చినవారి ఇంటి ఆడపడుచు. ఆమెనుగూర్చి బొబ్బిలివాడు చెప్పుటలోనే యొక విశేషము కలదని నా నమ్మకము.

లోకమున యుద్ధదేవతలు లేని జాతి అరుదు. బాబిలోనువారికి ఇష్తారు అను దేవత యుండెను. గ్రీకులకు యుద్ధమున కిద్దరు దేవతలు. ఒకడు ఆరీసు; వాడు నెత్తురును జూచి సంతోషించువాడు. వేరొకతె అథీనా, ఆమె పట్టణమును కాచునది, ఆలోచన గలది. ఆ దేశపు నాటకకర్త ఈస్కిలసు, క్రీస్తునకు పూర్వము 458 వ సంవత్సరమున ప్రదర్శించిన నాటకములలో, ఈ అథీనాచేత ఒక చిత్రమైన పని చేయించెను. ఒక యింట భార్య భర్తను జంపును. కొడుకు తల్లిని జంపును. పగదీర్చు రక్కసు లా కొడుకును తరుముకొని వచ్చును. ఆయుధపాణియగు అథీనా అప్పు డాయుధ మెత్తలేదు. న్యాయసభను గూర్చి, తీర్పు చెప్పించి, ఆ రక్కసులను బుజ్జగించి ఊరిని గాచు దేవతలుగా నిలిపినది. పగకు పగ యను గొలుసును తెంచుటయే యుద్ధదేవత చేసిన మిక్కిలి గొప్ప పని యని ఆ కవి భావము.

అది పరదేశపు మాట. మన మాట యెట్లున్నదో చూతము.

మార్కండేయపురాణమున దేవీమాహాత్మ్యము పదుమూడధ్యాయముల భాగము. సప్తశతి యని దానికి ప్రసిద్ధి. దసరా దినములలో మన యిండ్లలో, గుడులలో దానిని పారాయణము చేయుదుము. చెవికి సోకినవరకు అదంతయు రణఘోషయే. మహిషుడు, ధూమ్రలోచనుడు, చండుడు, ముండుడు, నిశుంభుడు, శుంభుడు, ఒకని వెనుక నొకడు కూలుచుందురు. అయినను దానిని గురుముఖమున చదువుకొన్నవారికి మూడు సంగతులు మనసున నిలుచును.

మొదటిది, దేవి చేతి యాయుధములు. శూలము శివుడిచ్చినది. చక్రము విష్ణువిచ్చినది. వజ్ర మింద్రు డిచ్చినది. ఎక్కిన సింహము హిమవంతు డిచ్చినది. ఆమె రూపమే దేవతలందరి తేజస్సు కుప్పపడగా నేర్పడినది. అనగా ఆ బలము పదిమందిది. పదిమందిని గాచుటకు పదిమంది కూడి యిచ్చినది. ఒకని సొంత కక్షకు దాని నుపయోగించు నధికార మెవ్వనికిని లేదు.

రెండవది, రాయబారము. శుంభనిశుంభులతో కడపటి పోరునకు ముందు దేవి ఊరకుండలేదు. సాక్షాత్తు శివుని పిలిచి దూతగా బంపినది. "ముల్లోకముల నేలుట ఇంద్రునికి విడువుడు, హవిర్భాగములు దేవతలకు విడువుడు, బ్రతుకు తీపియైనచో పాతాళమునకు బొండు" అని చెప్పించినది. అందుచేత ఆమెకు శివదూతి యను పేరు వచ్చినది. గెలుపు తన చేతిలో నున్నదని తెలిసినదియే ముందు దూతను బంపినదనగా, గెలుపు సందేహమైన మనము బంపకుండుట యెంత యవివేకము!

మూడవది, రక్తబీజుడు. వీని సంగతి మీకు తెలియును. వీని యొడలినుండి జారిన నెత్తుటిబొట్టు నేలబడినచో, ఆ బొట్టునుండి వానివంటివాడే మరియొకడు లేచును. కొట్టినకొలది శత్రువులు పెరుగుదురు. లోకమంతయు వారితో నిండినది. అప్పుడు దేవి కాళికను నోరు తెరువుమని, ఒక్క బొట్టును నేలబడనీయక మ్రింగుమని యాజ్ఞాపించినది. పటములలో నాలుక సాచిన కాళికను జూచి మన పిల్లలు జడియుదురు. నాకు చదువు చెప్పిన గురువుగారు మాత్రము ఇట్లనెడివారు: "ఒరే, ఆమె నెత్తురు త్రాగుట ఆకలిచేత గాదురా. పగ మొలకెత్తకుండ విత్తనమును ఏరివేయుచున్నది." ఆ మాట నేను పదునాలుగేండ్ల వయసున వింటిని. దాని యర్థము నలుబదేండ్లు దాటినపిమ్మట గాని నాకు బోధపడలేదు. ఎట్లు బోధపడినదో చివర విన్నవింతును.

ఇప్పుడు మా ఊరికి వత్తము.

1753 లో నిజాము సలాబతుజంగు ఉత్తరసర్కారులను ఫ్రెంచివారికి, వారి సైన్యపు ఖర్చులకై, ఇచ్చెను. ఆ సేనకు నాయకుడు బుస్సీ. ఆ కాలమున విజయనగరమున పూసపాటి విజయరామరాజుగారు, బొబ్బిలిలో రంగారావుగారు ఏలుచుండిరి. ఇరుగుపొరుగు సంస్థానములు. సరిహద్దుల తగవులు, నీటి తగవులు. ఏటికి అడ్డకట్ట యెవ్వరు వేసిరి, కాలువ యెవ్వరు మళ్ళించిరి, ఇట్టివే. పల్లెలలో నేటికిని చెరువుగట్టున వినబడు మాటలే అవి. కాని ఆ తగవునకు ఫ్రెంచి ఫిరంగి తోడైనది. విజయరామరాజుగారు బుస్సీకి ఆప్తుడయ్యెను. బొబ్బిలి విడిచి మరియొకచోట భూములు తీసికొమ్మని రంగారావుగారికి కబురు వచ్చెను. పుట్టిననేలను మారుబేరమునకు బెట్టుట యవమానమని ఆయన యెంచెను. దూతలు తిరిగిరేమో గాని, మనసులు తిరుగలేదు.

1757 జనవరి 24 వ తేది వేకువను ఫిరంగులు మ్రోగెను. గోడలు బ్రద్దలయ్యెను. నిచ్చెనలు వేసి యెక్కుటకు వచ్చినవారిని కోటవారు త్రోసివేసిరి. తిరిగి వచ్చిరి. తిరిగి త్రోసిరి. మధ్యాహ్నము తిరుగునప్పటికి మావారికి ఆశ యుడిగినది. ఆపైన జరిగినదానిని కథకులు ఒక్క గుక్కలో చెప్పి ముందునకు సాగుదురు. నేను మాత్రము కొంచె మాగి చెప్పదలచినాను. కోటలోని స్త్రీలు, పసిబిడ్డలు శత్రువుల చేత జిక్కరాదని, తమవారే యిండ్లకు నిప్పు పెట్టిరి. మంటనుండి వెలుపలికి వచ్చినవారిని తమవారే పొడిచిరి. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఓర్ము ఈ వృత్తాంతమును వ్రాసియున్నాడు. మా యూరి కథలును దాచలేదు. ఆ స్త్రీలలో ఒక్కరినైనను "నీ యభిప్రాయ మేమి?" అని యడిగిన యెవ్వరి మాటయు ఏ కథలోను నేను వినలేదు. మావారి పౌరుషమునకు నేను తల యొగ్గుదును. కాని ఆ చిన్నబిడ్డల విషయమున మాత్రము తల యెత్తలేను.

ఆ మంటలనుండి రంగారావుగారి చిన్నకుమారు డొక్కడు ఒక వృద్ధుని దయచేత బయటపడి ఫ్రెంచివారి కప్పగింపబడెను. మూడవనాటి రాత్రి, రాజాముసీమనుండి వచ్చిన తాండ్ర పాపారాయుడు విజయరామరాజుగారి డేరాలో జొచ్చి ఆయనను పొడిచి చంపెను. గెలిచినవాడు గెలుపును మూడుదినములు గూడ అనుభవింపలేదు. మరుసటి సంవత్సరమే, 1758 లో, బుస్సీ సర్కారులను విడిచి దక్షిణమునకు బోయెను. ఆ యేటనే విజయనగరమువారు ఇంగ్లీషువారిని పిలిచిరి. చందుర్తికడ ఫ్రెంచివా రోడిరి. 1765 లో సర్కారులు కుంఫిణీవారి పాలయ్యెను. 1794 జూలై 10 వ తేదిని పద్మనాభముకడ విజయనగర ప్రభువు చినవిజయరామరాజుగారు అదే కుంఫిణీవారితో పోరి హతుడయ్యెను. నాడు మా యూరిని కొట్టిన చేతికి ఊతయైన సంస్థానము, ముప్పదియేడేండ్లకు తానును పరదేశపు తుపాకి యెదుట నిలువవలసివచ్చెను. బొట్టు బొట్టున నొక్కడు లేచుచునే యున్నాడు. రక్తబీజుడు పురాణములోనివాడే యని యెవ్వ రనగలరు?

శ్రోతలారా, ఇంతవరకు చెప్పినది చరిత్ర. ఇక చెప్పునది జనశ్రుతి. రెంటిని కలుపక చెప్పుట ఉపాధ్యాయుని ధర్మము. అయితే జనశ్రుతిని తక్కువగా జూచుట నా యుద్దేశము కాదు. జరిగినది చెప్పునది చరిత్ర. జరిగినదానిని తలచుకొని ప్రజలు దేనికి వగచిరో, దేనిని కోరిరో చెప్పునది జనశ్రుతి.

విజయరామరాజుగారికి పైడితల్లి యను చెల్లెలు గలదట. చిన్నతనమునుండి దుర్గను కొలుచుచుండెడి దట. అన్న బొబ్బిలిపై దండెత్త నిశ్చయించినప్పుడు, "వలదు, ఇరుగుపొరుగువారము, వారు మనవంటివారే" అని ఆమె బ్రతిమాలినదట. అన్నగారు వినలేదు. సేనలు కదలెను. అంతలో ఆమెకు మశూచి సోకినది. ఆ బాధలోనే అన్నకు ప్రాణగండ మున్నదని తోచి, జబ్బు తగ్గీ తగ్గకమునుపే, పతివాడ అప్పలనాయుడను నమ్మకస్థుని తోడుగొని బొబ్బిలికి బయలుదేరినదట. దారిలోనే అన్న చనిపోయినవార్త యెదురైనది. ఆమె మూర్ఛిల్లినది. తాను అమ్మవారిలో గలియుచున్నాననియు, తన ప్రతిమ విజయనగరపు పెద్దచెరువులో దొరకుననియు చెప్పి కన్నుమూసినది. బెస్తలు వలలు వేసి ప్రతిమను వెలికి దీసిరి. ఆ తల్లియే నేడు విజయనగరమున చెరువు ప్రక్క వనముగుడిలోను, ఊరినడుమ మూడులాంతర్లకడ చదురుగుడిలోను పూజలందుకొనుచున్నది.

ఏటేట విజయదశమి వెళ్ళిన మంగళవారమున ఆమెకు సిరిమానోత్సవము. చూచినవారు మరువలేరు. అమ్మవారు పూజారికి కలలో గనబడి, ఫలానిచోట చింతమాను నాకై యున్నదని చెప్పునట. ఆ మానును తెచ్చి, చెక్కి, బండిపై నిలిపి, ఆ నిడుపాటి మ్రాని కొనను ఆసనము గట్టి పూజారిని గూర్చుండబెట్టుదురు. చదురుగుడినుండి కోటవరకు మూడుమారులు నడపుదురు. భక్తులు అరటిపండ్లు విసరుదురు. ముందు బెస్తవారి వల నడచును. చెరువునుండి అమ్మవారిని తెచ్చిన జ్ఞాపకమది. పూసపాటివారు కోటబురుజుపై గూర్చుండి చూతురు. దానిని చూచునప్పుడెల్ల నా కొక యూహ కలుగును. ఒకనాడు ఆ కోటలో ఆ చెల్లెలి మాటకు చెవి యొగ్గినవారు లేరు. నేడు ఏటేట ఆమె మూడుమారులు ఆ కోటకడకు వచ్చి నిలుచుచున్నది, మూడుమారులును లక్షలాది జనము ఆమెకు చేతులెత్తుచున్నారు. ఇది నా యూహయే గాని శాస్త్రము గాదు.

మా నాయనమ్మది విజయనగరముదిక్కు పల్లె. మెట్టినది బొబ్బిలి. ఆమె ముఖమున మశూచి మచ్చలు. చిన్ననాట ప్రాణముమీదికి వచ్చి, పైడితల్లికి మ్రొక్కుకొనగా బ్రతికెనని పుట్టింటివారి నమ్మకము. అందుచేత ప్రతియేడు సిరిమాను మంగళవారమునకు మూట గట్టుకొని బయలుదేరెడిది. మా వీధిలో నొక పెద్దమనిషి, పేరేల, ప్రతియేడును అరుగుమీదినుండి ఒక్కటే మాట విసరెడివాడు: "ఏమమ్మా, పగవాళ్ళింటి ఆడపడుచుకి మొక్కడానికి ఎల్తన్నావా?" ఆమె చాలయేండ్లు బదులు చెప్పలేదు. ఒక యేడు నేనామె చేయి పట్టుకొని నడచుచుండగా నిలిచి, వెనుకకు దిరిగి యిట్లన్నది: "అవును బాబూ. ఆ కోటలో మనూరి మీదకి ఎల్లొద్దన్నది ఆ పిల్లొక్కర్తే గదా. మరి ఆవిడికి కాపోతే ఎవరికి మొక్కమంటావు?"

ఆ పెద్దమనిషి చుట్టను నోటినుండి తీసి, తిరిగి పెట్టుకొనుట మరచెను. మరుసటియేడు అరుగుమీదినుండి అదే గొంతు వినబడినది గాని, మాట వేరు. "నా పేర కూడా ఒక కొబ్బరికాయ కొట్టమ్మా" అనెను.

పెద్దలారా, ఈ మచ్చలసంగతి వచ్చినది గావున మరియొకమాట. పూర్వ మీ దేశమున పల్లెకు రెండు మహాభయములు: మశూచి, దండు. మశూచి వచ్చిన నింటిమీద వేపాకు, దండు వచ్చిన నింటిమీద నిప్పు. రెంటికిని అమ్మవారే దిక్కు. రెండును అమ్మవారి కోపమే యని గూడ కొందరు తలచిరి. ఇందుచేతనే టీకాలవారు వచ్చినప్పుడు పిల్లలను దాచినవారును గలరు. నన్ను మా నాయనమ్మ దాచలేదు. తానే యెదురుగా బోయి నా భుజము చూపించినది. ఆ మచ్చ నేటికిని నా భుజమున నున్నది. ఆమె ముఖమున నున్నవి వ్యాధి మచ్చలు, నా భుజమున నున్నది రక్షమచ్చ. 1975 తరువాత మనదేశమున మశూచి లేదు. 1980 లో భూమండలమున నెచ్చటను లేదని ప్రపంచారోగ్యసంస్థవారు ప్రకటించిరి. అమ్మవారికి కోపము వచ్చెనా? రాలేదు. గుడులు మూతబడెనా? మూతబడలేదు. సిరిమానునకు జనము తగ్గినదా? తగ్గలేదు. కావున ఆమె మశూచిని పంపు తల్లి కాదు, మశూచినుండి కాపాడు తల్లి యని తేలినది గదా. అట్లే ఆమె యుద్ధమును కోరు తల్లి యనుటయు పొరపాటే. మనము పోరు మానినంత మాత్రమున ఆమె పూజకు లోపము రాదు. భయము పోయినను తల్లి నిలుచును.

ఇక గురువుగారి మాట నాకెట్లు బోధపడినదో చెప్పెదనంటిని.

నేనొక పల్లెబడిలో పని చేయునప్పుడు వార్షికోత్సవమునకు బొబ్బిలియుద్ధము నాటకముగా వేయించితిని. 1964 లో వచ్చిన చలనచిత్రమును చిన్ననాట చూచి నేనును కట్టెకత్తి త్రిప్పినవాడనే. పిల్లలకు పాఠము చెప్పునప్పుడు నా గొంతు దానంతట నదే పెద్దదగును. ఊరిలో రెండు వీధులు. నే నాలోచింపక ఒక వీధి పిల్లలను బొబ్బిలి పక్షముగా, రెండవ వీధి పిల్లలను విజయనగరము పక్షముగా నిలిపితిని. ఆ రెండు వీధులకును అంతకుముందే చెరువు తూము విషయమున మాటలు లేవు. అభ్యాసమున నొకనాడు కట్టెకత్తి నిజముగానే తగిలి ఒక పిల్లవాని నుదురు చిట్లినది. సాయంకాలమునకు తండ్రులు వచ్చిరి. రాత్రికి మేనమామలు వచ్చిరి. తెల్లవారునప్పటికి ఒక వీధివారి గడ్డివామి కాలిపోయినది. ఎవ్వరు కాల్చిరో నేటికిని తేలలేదు. నాలుగునెలలు ఒక వీధివారు రెండవ వీధి పెండ్లికి పోలేదు, చావునకు పోలేదు.

తప్పు పిల్లలది కాదు. తండ్రులది గూడ ముందుగా కాదు. నాది. నేను నెత్తుటిబొట్టును నేలమీద జల్లి, మొలక చూచి వెరగుపడితిని. ఆ రాత్రి గురువుగారి మాట చెవిలో మ్రోగినది. కథలో ఎవ్వరు చంపిరో, ఎవ్వరు చచ్చిరో చెప్పితిని గాని, వలదన్నవా రెవ్వరో నేను చెప్పలేదు.

మరుసటియేడు నాటకము మానివేయుమని అందరును అనిరి. నేను మానలేదు; ఒక రంగము చేర్చితిని. దండు కదలుటకు ముందు చెల్లెలు అన్న కాళ్ళు పట్టుకొని, "ఆ యూరిలోనూ ఉయ్యెలలు గలవన్నా" అని వేడు రంగము. అందులో చెల్లెలి వేషము ముందటియేడు కత్తి విసరిన కుఱ్ఱవాని కిచ్చితిని. అన్న వేషము నుదురు చిట్లిన కుఱ్ఱవానికి. మొదట నిద్దరును ఒకరి ముఖ మొకరు చూడలేదు. మూడవవారమునకు ఒకడు మాట మరచిన రెండవవాడు అందించుచుండెను. ప్రదర్శనమునాడు రెండు వీధులవారును వచ్చి, నడుమ బండి పట్టునంత సందు విడిచి కూర్చుండిరి. ఆ రంగమున ఎవ్వరును చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలమ్మ మాత్రము ముక్కు చీదినది. మరునాడు తూముకడకు రెండు వీధులనుండి నలుగురు చొప్పున పెద్దలు పోయి, వంతులు వ్రాసికొనిరని వింటిని. నాటకమువలననే యని నేననను. గడ్డివామి మంట వారికిని నిద్ర పట్టనీయలేదేమో. కాని వలదను మాట ఒకరు పైకి అన్నచో, లోపల ననుకొనుచున్నవారికి త్రోవ యగును. ఇది నేను కన్నులార చూచితిని.

పలనాటిలో కారెంపూడికడ వీరుల తిరునాళ్ళు అయిదుదినములు జరుగును. అందులో నొక దినమునకు పేరే రాయబారము. పోరును తలచుకొను నుత్సవమున రాయబారమునకు గూడ ఒకదినము ప్రత్యేకముగా నుంచిన ఆ పూర్వులకు నా నమస్కారము. వారి వీరులతో అన్నివర్ణములవారికిని ఒకే చాపపై బ్రహ్మనాయుడు పెట్టించిన చాపకూడును వారు మరువలేదు.

మా బొబ్బిలిలో ఆ పోరు జరిగినచోట 1891 లో నిలిపిన స్తంభమొకటి గలదు. దానిని చూడవచ్చిన పిల్లలకు మావారు ఫిరంగులసంగతి, పాపారాయునిసంగతి చెప్పుదురు. చెప్పవలసినదే. నేను చెప్పునప్పుడు మరి రెండు చేర్చుదును. మంటలలో పోయిన పేరులేని బిడ్డల సంగతి యొకటి, కోటకు నలుబది మైళ్ళకు లోపుననే యుండి వలదని యేడ్చిన ఆడపడుచు సంగతి యొకటి. 1979 జూన్ 1 వ తేదిని విజయనగరము పేరనే జిల్లా యేర్పడినప్పుడు, బొబ్బిలి ఆ జిల్లాలోనే చేరినది. నాడు కత్తులు దూసిన రెండూళ్ళును నేడు ఒకే దస్త్రములో నున్నవి. మా పిల్లలు వారి కళాశాలలలో చదువుచున్నారు. వారి పిల్ల మా కోడలు. కాలము చేయవలసినది కాలము చేసినది. మనము చేయవలసినది మిగిలియున్నది.

పెద్దలారా, ఈ ప్రసంగమును వినుచున్న మీలో పలువురు ఊరి తగవులు తీర్చువారు. మీ యెదుటికి కాలువగట్టు తగవు వచ్చును, పొలముగట్టు తగవు వచ్చును, జాతరలో ఘటము ముందెవరి వీధికి బోవలయునను తగవు వచ్చును. అప్పుడు మీసము దువ్వి మనవారి పౌరుషము చెప్పువారు పదిమంది యుందురు. వారు మీకు కరవు కారు. అరుగుచివర కూర్చుండి, లేక తలుపువెనుక నిలిచి, "వలదు" అను గొంతు ఒకటి యుండును. తరచుగా అది యొక ఆడుదాని గొంతు. తరచుగా జబ్బుమనిషిదియో, ముసలిమనిషిదియో యైయుండును. దానిని ముందునకు పిలిచి, దానికే మొదట మాట యిండు. ఆ గొంతును విననందుననే మావారికిని వారికిని అంత జరిగినది. చెవులు మూసికొన్నపిమ్మట గుడి కట్టుకొంటిమి. ముందే వినియున్నచో గుడి లేకపోయెడిదేమో గాని, కోటయు మనుష్యులును మిగిలియుండెడివారు.

దేవి చేతులలో ఆయుధము లున్నవి. వానిని తీసివేయుమని నేననను. ఊరిని కాచుట కవి కావలయును. కాని ఆయుధమెత్తుటకు ముందు దూతను బంపిన దామె యని, నెత్తుటిబొట్టును నేలబడనీయని దామె యని గూడ పిల్లలకు చెప్పుడు. ఈయేడు దసరాకు మీ మనుమలు కట్టెకత్తులతో వీధిలో పోరాడునప్పుడు, ఒక పిల్లచేత "వలదన్నా" అను మాటగూడ అనిపించుడు. ఆట చెడదు.

పైడితల్లి మీ ఊళ్ళను, మా ఊరిని చల్లగా చూచుగాక. సెలవు.